గుల్ల సున్నం

ఈ ఇంటి గోడలకి సిమెంటు తగలకూడదని
ముహర్రఖ్‌లో ఎవరో కాగితం మీద రాశారు.
అందుకే నన్ను పిలిపించారు.
పులికాటు ఒడ్డున మా నాయన
గుల్లలు కాల్చిన బట్టీ
పాస్‌పోర్టులో ఎక్కడా లేదు,
నా గోళ్ళ సందుల్లో ఉంది.

ముత్యాల వ్యాపారి ఇల్లు ఇది.
పగడపు రాయి, ఖర్జూరపు దూలాలు,
మేడ మీద గాలిని మింగే నాలుగు నోళ్ళ బురుజు.
ఊపిరి బిగబట్టి గుల్లలు తెచ్చినవాళ్ళకి
ఫలకం మీద ఒక్క వాక్యం.
ఇప్పుడు లోపల ఎవరూ కాపురముండరు.
తాడు కట్టి, ముట్టుకోవద్దని
మూడు భాషల్లో రాశారు.
నేను మాత్రం పొద్దస్తమానం ముట్టుకుంటూనే ఉంటాను.
అదే నా జీతం.

ఎదురు సందులో కాఫీ కొట్టు,
మెక్సికో వాళ్ళది.
ఎవరిస్తో గింజలు వేయిస్తాడు,
పెళ్ళాం లిదియా రొట్టెలు కాలుస్తుంది,
కూతురు మరిసేలా గల్లాపెట్టె దగ్గర
బళ్ళో నేర్చిన అరబ్బీతో బేరాలు తోసేస్తుంది.
వెనక గదిలో ముసలామె, చోన.
నేను అవ్వా అంటాను, పలుకుతుంది.
ఏ భాషలో పలుకుతుందో ఎప్పుడూ అడగలేదు.

ఒకనాడు ఎండ గోడ దిగకముందే
అవ్వ తాడు దాటి వచ్చేసింది.
కాపలా అతను కేకలేస్తున్నా
నా తొట్టిలో వేలు ముంచి
నాలుక కొసన పెట్టుకుంది.
చెయ్యి పట్టుకునేలోపే
కళ్ళు మూసి తలూపింది,
తమలపాకు మీద సున్నం
చాలిందో లేదో చూసుకునే మా అమ్మలా.

మరిసేలా పరిగెత్తుకొచ్చి చెప్పింది:
వాళ్ళ ఊరి సున్నం ఏదో రేవులో చిక్కుకుందట.
సున్నపు నీళ్ళలో నానితేగానీ
మొక్కజొన్న పొట్టు వదలదట.
మూడు రోజులుగా సంచి పిండి రొట్టెలే.
అవ్వ తినడం మానేసిందట.

గోడ సున్నం కడుపుకి పనికిరాదమ్మా అన్నాను.
దాన్లో ఏమేం కలిపారో నాకు తెలుసు.

శుక్రవారం, సముద్రం వెనక్కి తగ్గిన చోట
గుల్లలు ఏరాను. కడిగాను. మళ్ళీ కడిగాను.
కొట్టు వెనక నూనె డబ్బాకి బొక్కలు పొడిచి
బొగ్గులు నింపాం.
మరిసేలా జుట్టు ఆరబెట్టుకునే మిషనే
మా కొలిమితిత్తి.
రాత్రికి గుల్లలు తెల్లగా ఉడిగిపోయాయి.
నీళ్ళు చల్లితే బుసకొట్టి, పగిలి, పొంగాయి.
దూరం జరగరా అబ్బయ్యా, అనేవాడు నాయన,
దప్పిక తీరిందాకా దానికి చుట్టరికం తెలీదు.

తెల్లారి అవ్వ వేళ్ళ మధ్య
గింజలు పసుపు చొక్కాలు విప్పాయి.

నాకు కాఫీ ఇచ్చారు,
మట్టికుండలో కాచింది,
దాల్చినచెక్క, బెల్లం వేసి.
లిదియా దానికేదో పేరు చెప్పింది,
నా నోటికి అది బెల్లమే.
మొదటి గుక్క నచ్చలేదు,
పాలు లేని కాఫీ నెల్లూరోళ్ళకి ఎట్టా దిగుద్ది?
రెండోది అవ్వ చూస్తోందని తాగాను.
మూడోది నాకోసం.

ఇల్లు తెరిచిన రోజు పెద్దలొచ్చారు.
నేను కాఫీ కొట్టు మెట్టు మీద కూర్చుని చూశాను.
తూర్పు గదిలో, కిటికీ దిగువన,
ఆఖరి పూత అడుగున
నా బొటనవేలి గుంట ఒకటుంది.
ఎందుకు నొక్కానో నాకే తెలీదు.

రిఫాలో ఇంకో పనికి పొమ్మన్నారు.
మిగిలిన సున్నం జాడీలో వేసి
పైన జానెడు నీళ్ళు నిలబెట్టాను.
ఎండనివ్వొద్దు, తగ్గితే మళ్ళీ పొయ్యండి,
ఎన్నేళ్ళు మునిగితే అంత వెన్నవుతుందని చెప్పాను.
మరిసేలా ఆ మాట అవ్వకి చేరవేసింది.
అవ్వ జాడీకి మూత పెట్టి
మూత మీద రాయి పెట్టి
రాయి మీద చెయ్యి తీయకుండా
కాసేపు నిలబడింది.

ఏడింటికి కుండ పొయ్యెక్కుతుంది.
రిఫా బస్సు ఏడుంబావుకి.